పందొమ్మిదో చీమ

హెబ్బాళ దగ్గర మెట్రో గుంత తవ్వుతుంటే
బయటపడిన పుట్ట అది.
ఐస్‌క్రీమ్ డబ్బాలో మట్టితో సహా మోసుకొచ్చాం.
రెండొందల పైచిలుకు నల్ల చీమలు,
ఒకే కాన్పులో పుట్టినట్టు అందరివీ ఒకే పోలికలు.

నా పని చిన్నది.
ఇరవై చీమల్ని ఏరి, ఆల్కహాలులో ముంచి,
అట్టముక్క కొసన బంక చుక్క పెట్టి
కాళ్లు చెదరకుండా అతికించడం.
కింద చీటీ: ఊరు, తేదీ, కూలిచీమ.
మడకశిరలో పట్టుగూళ్లు ఏరిన వేళ్లివి,
వణకవు.

రాణి కోసం వెతకలేదని కాదు.
నాకు తెలిసిన రాణి
మొదటి వాన రాత్రి ట్యూబులైటు కింద రాలే రెక్కల చీమ.
రెక్కలు మోసిన భుజం ఉబ్బెత్తుగా ఉంటుంది.
వాటిని విరిచేసుకున్నాక కూడా
రైకచేయి ఊడదీసిన చోట కుట్టుగుర్తులా
మచ్చ మిగులుతుంది.
ఆ మచ్చ కోసం చూశాను.
ఒక్కదానికీ లేదు.
జేసీబీ పళ్ల కింద పోయి ఉంటుందన్నారు భాగీరథి మేడమ్.
సరే అనుకున్నాను.

నాలుగో రోజుకి డబ్బాలో ఏదో తేడా.
వేసిన చెదపురుగులు వేసినట్టే ఉన్నాయి.
గుడ్ల కుప్ప పెరగలేదు.
ఒకదాని మీసాలు ఇంకొకటి తడుముతూ
అడిగిందే మళ్లీ అడుగుతున్నట్టు
తిరుగుతున్నాయి.

గది తుడవడానికొచ్చిన సిద్దలింగమ్మ
చీపురు గోడకానించి వంగి చూసింది.
"యావుదమ్మా రాణి?"
లేదన్నాను.
"అమ్మ లేకుండా ఇంతమంది ఎట్ల పుట్టిరి?"
బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.
చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

అతికించిన ఇరవైనీ మళ్లీ లెన్సు కిందికి తెచ్చాను.
పద్దెనిమిది అయ్యాయి.
పందొమ్మిదోదాని నొసట
మూడు చుక్కలు మెరిశాయి.
రెండు కళ్లు ఉండగా ఇంకో మూడు కళ్లు,
సూదిమొన ఆనించి తీసినంత.
పక్కదాని నొసలు నున్నటి పలక.
నడుము కణుపు దీనికి కాస్త పలచన.
పొట్ట వెడల్పు. ఆల్కహాలుకి ఉబ్బిందనుకున్నాను ఆ రోజు.
భుజం మాత్రం సన్నం, అచ్చం కూలిచీమదే.
రెక్క మొలవని ఒంట్లో రెక్కల కండ ఎందుకుంటుంది?
రెక్కే లేనప్పుడు మచ్చ ఎక్కడిది?
నేను వెతికింది వేరే జాతి రాణిని.

పొడవు కొలిచాను.
మిగతావాటికంటే వెంట్రుక మందం ఎక్కువ,
అదీ నా చేతి వెంట్రుక, తలది కాదు.

పొట్ట తెరవమన్నారు మేడమ్.
తెరిచాను.
లోపల దండలు దండలుగా గుడ్లు,
నలుసుల్ని దారానికి గుచ్చినట్టు,
చివరికి వచ్చేకొద్దీ పెద్దవవుతూ.
పోల్చడానికి పద్దెనిమిదోదాన్నీ తెరిచాను.
రెండు మూడు వట్టి పోగులు.
వాటి చివర ఏమీ లేదు.

"పర్వాలేదు, మంచి నమూనా దొరికింది" అన్నారు మేడమ్.
అవును, దొరికింది.

చీటీ మీద కూలిచీమ అన్నది కొట్టేసి
పైన రాణి అని రాశాను.
గీత కింద పాత మాట చదవడానికి వస్తూనే ఉంది.
కొత్త చీటీ రాయమన్నారు.
రేపు రాస్తానన్నాను. ఇంకా రాయలేదు.

సాయంత్రం సిద్దలింగమ్మకి లెన్సులో చూపించాను.
ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.
"దీనికీ పనిదాని ఒళ్లే కదమ్మా" అంది,
తన భుజం ఒకసారి నొక్కుకుని.

ఆఖరి బస్సుకి టైమవుతోంది.
డబ్బా మూత పెట్టబోతూ ఆగాను.
నున్నటి నొసటి చీమ ఒకటి
ఉన్న నాలుగు గుడ్లనీ
ఎండిన మట్టిలోంచి తడి దూది మూలకి
ఒక్కోటిగా మారుస్తోంది.
మూడోది నోట కరుచుకుని వెళ్తోంది.
నాలుగోదాని కోసం తిరిగొచ్చేదాకా
మూత చేతిలోనే ఉంది.